యాభై మూడో స్థానంలో వచ్చిన కుర్రాడు

స్వర్ణోత్సవ సంచిక కోసం ఎవరైనా ఒక ప్రసిద్ధుడి జీవితం రాయమని సంపాదకవర్గం అడిగింది. అనగానే మనందరికీ తెలిసిన పేర్లే ముందు గుర్తొస్తాయి. వాళ్ల బొమ్మలు మన బడి గోడల మీద చూస్తూ పెరిగాం. వాళ్ల గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లోనూ, మన మాస్టార్లలోనూ చాలామంది ఉన్నారు. నేను ఒక పరుగువీరుడి గురించి రాస్తాను. పేరు స్టీవ్ ప్రీఫాంటేన్. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంవాడు. 24 ఏళ్లకే చనిపోయాడు. పోయి యాభై ఏళ్లు దాటినా, అక్కడ హైస్కూలు పిల్లలు దూరపు పరుగు మొదలుపెడితే ముందుగా వినే పేర్లలో అతని పేరు ఒకటి. అందరూ ముద్దుగా ప్రీ అంటారు.

ప్రీకి ఒలింపిక్ పతకం ఒక్కటీ లేదు. మరి ఇంత పేరు ఎలా వచ్చింది? జవాబు కోసం చదువుతూ పోతే, అది నన్ను ఒక చిన్న ఊరి హైస్కూలు దగ్గరికి తీసుకెళ్లింది. బడి సంచికలో అతని గురించి రాయడానికి కారణం అదే.

ఊరు, ఇల్లు

ఆ ఊరు కూస్ బే. పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున చిన్న రేవు పట్టణం. ప్రీ చదువుకునే రోజుల్లో జనాభా పదిహేను వేలైనా లేదు. చుట్టూ అడవులు. రేవులో దుంగలు, కలప ఓడలు, చేపల పడవలు. ఊరి బతుకంతా సామిల్లులూ, రేవూ. ఏడాదిలో చాలా నెలలు వాన, సముద్రపు గాలి. ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల ఊరు. ఉద్యోగరీత్యా కొంతకాలం ఒరెగాన్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఆ ఊరు వెళ్లి చూశాను. వానలో, ఎదురుగాలిలో ఆ మెట్టల మీద పరుగెత్తడమంటే ఏమిటో చూస్తేగాని అర్థం కాదు.

1951 జనవరి 25న ప్రీ అక్కడే పుట్టాడు. తండ్రి రేమండ్ వడ్రంగి, వెల్డింగు పని కూడా చేసేవాడు. తల్లి ఎల్‌ఫ్రీడ జర్మనీ దేశస్థురాలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, అమెరికా సైన్యంతో వెళ్లిన రేమండ్‌ను పెళ్లి చేసుకుని కూస్ బే వచ్చింది. కుట్టుపని చేసేది. ఇద్దరూ రెక్కల కష్టం మీద పిల్లల్ని పెంచారు.

అలాంటి ఊళ్లో మగపిల్లాడికి పరువు తెచ్చేది ఫుట్‌బాల్. మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. భుజాలకు కవచాలు, తలకు హెల్మెట్ పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. అది కాకపోతే బాస్కెట్‌బాల్. ప్రీ రెండూ ప్రయత్నించాడు. పొట్టిగా, సన్నగా ఉండేవాడు. రెండు ఆటల్లోనూ ఎక్కువసేపు బెంచీ మీద కూర్చోవడమే అయింది. హైస్కూలు క్రాస్‌కంట్రీ జట్టు పిల్లలు సాధన కోసం ఫుట్‌బాల్ మైదానం పక్కనుంచి పరుగెత్తుకుంటూ పోతుంటే చూసేవాడు. అదీ ఒక ఆటేనా అనుకున్నాడట అప్పట్లో.

ఎనిమిదో తరగతిలో ఉండగా డ్రిల్లు పీరియడ్లలో మూడు వారాలపాటు పిల్లలందరి చేతా రోజూ ఒక మైలు పరుగెత్తించారు. రెండో వారానికల్లా ప్రీ ఆ గుంపులో రెండోవాడుగా రాసాగాడు. బెంచీ మీద కూర్చోవడానికి అలవాటుపడ్డ కుర్రాడికి తనకూ ఒకటి చేతనవునని తెలిసింది. ఏ పిల్లాడిలో ఏముందో బయటపడటానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. అందరినీ పరుగెత్తించే ఒక డ్రిల్లు పీరియడ్ ఉంటే చాలు. కావలసిందల్లా ఆ పీరియడ్‌ను లెక్కల క్లాసుకు అప్పగించకుండా ఉండటమే.

క్రాస్‌కంట్రీ లెక్క

ఇక్కడ క్రాస్‌కంట్రీ గురించి కొంచెం చెప్పాలి. మన బళ్లలో ఇది ఎక్కువగా జరిగే పోటీ కాదు. అమెరికా హైస్కూళ్లలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా దీని సీజను. తీర్చిదిద్దిన ట్రాక్ మీద కాకుండా గడ్డి మైదానాల్లో, మెట్టల మీద, బురదలో పరుగెత్తుతారు. వందలమంది ఒకేసారి బయలుదేరతారు.

ఇది చూడటానికి ఒంటరి పరుగులా ఉంటుందిగానీ నిజానికి జట్టు ఆట. ఒక్కో బడి నుంచి సాధారణంగా ఏడుగురు పరుగెత్తుతారు. వాళ్లలో ముందుగా వచ్చిన అయిదుగురి స్థానాలను కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే ఆ బడి గెలిచినట్టు. ఒకే బడివాళ్లు 1, 2, 3, 4, 5 స్థానాల్లో వస్తే మొత్తం 15. అంతకంటే మంచి స్కోరు లేదు. జట్టులో ఆరోవాడి స్థానం, ఏడోవాడి స్థానం మొత్తంలోకి రావు. కానీ వాళ్లు ఎదుటి బడి అయిదోవాణ్ని దాటి ముందుకొస్తే వాడి స్థానం వెనక్కి జరిగి, ఆ బడి మొత్తం పెరుగుతుంది. అంటే ఏడోవాడి పరుగు స్కోరుకార్డులో కనిపించదు, ఫలితంలో మాత్రం ఉంటుంది.

ఈ ఆటలో బెంచీ లేదు. ఎంత నెమ్మదైనవాడైనా పందెం మొదటినుంచి చివరిదాకా పరుగెత్తాల్సిందే. ఫుట్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ బెంచీ మీద మిగిలిపోయిన కుర్రాడికి ఇది సరిగ్గా అతికినట్టు సరిపోయింది.

మెక్లూర్ మాస్టారు

1965లో ప్రీ మార్ష్‌ఫీల్డ్ హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో చేరాడు. ఆ బడి జట్లను పైరేట్స్ అంటారు. ఊదా, బంగారు రంగుల దుస్తులు. క్రాస్‌కంట్రీ కోచ్ పేరు వాల్ట్ మెక్లూర్.

మెక్లూర్ సామాన్యుడు కాదు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో బిల్ బవర్‌మన్ అనే పేరుమోసిన గురువు దగ్గర పరుగు నేర్చుకున్నవాడు. మెక్లూర్ తండ్రి కూడా అదే విశ్వవిద్యాలయంలో బిల్ హేవర్డ్ శిష్యుడిగా పరుగెత్తి, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. బవర్‌మన్ సైతం హేవర్డ్ శిష్యుడే. విశ్వవిద్యాలయానికి రాకముందు మెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో హైస్కూలు టీచరుగా పనిచేశాడు. అలా గురువు నుంచి శిష్యుడికి, తండ్రి నుంచి కొడుక్కి అందుతూ వచ్చిన విద్య ఒక మారుమూల రేవు ఊరి బడిదాకా చేరింది. ఒక రోజు గట్టిగా, మర్నాడు తేలిగ్గా సాధన చేయించడం, ఈరోజు ఎంత వేగంతో పరుగెత్తగలవు, సీజను చివరికి ఎంత వేగం అందుకోవాలి అని కాగితం మీద రాసి మధ్యలో మెట్లు కట్టడం ఆ విద్యలో ముఖ్యభాగం.

ఆ మొదటి సీజను ఆరంభంలో ప్రీ జట్టులో ఏడోవాడు. అంటే స్కోరుకార్డులో కనిపించనివాడు. సీజను ముగిసేసరికి జట్టులో రెండోవాడయ్యాడు. రాష్ట్రస్థాయి పోటీలకు వెళ్లాడు. అక్కడ వచ్చింది 53వ స్థానం. ఆ ఏడాది మైలు పరుగులో అతని సమయం 5 నిమిషాల 1 సెకను. తొమ్మిదో తరగతి కుర్రాడికి అది చెడ్డది కాదుగానీ, పేపర్లో రాసేంతదీ కాదు.

మరుసటి ఏడాది, 1966లో, రాష్ట్ర క్రాస్‌కంట్రీలో 6వ స్థానం. 53 నుంచి 6కు ఒక్క ఏడాదిలో. కానీ ఆ తర్వాతి వసంతకాలంలో ట్రాక్ పోటీల్లో రెండు మైళ్ల పరుగులో రాష్ట్రపోటీకి అర్హతే సాధించలేకపోయాడు. ఆ దెబ్బ అతన్ని బాగా కలచివేసింది. అక్కడితో మానేసిన పిల్లలు ఎంతమందో ప్రతి బడిలోనూ ఉంటారు. ప్రీ ఆ వేసవి సెలవులంతా పరుగెత్తాడు. ఎవరూ చూడని ఆ సెలవుల ఫలితం ఆగస్టు దాటాక కనిపించింది.

1967 సీజనులో క్రాస్‌కంట్రీలో అతన్ని ఓడించినవాడు లేడు. రాష్ట్ర విజేత అయ్యాడు. 1968లోనూ అంతే. చివరి రెండేళ్లలో క్రాస్‌కంట్రీలో ఒక్క పందెం ఓడిపోలేదు. రెండుసార్లు రాష్ట్ర చాంపియన్. మూడేళ్ల కిందట యాభై రెండు మంది వీపులు చూస్తూ పరుగు ముగించిన కుర్రాడి వీపు ఇప్పుడు రాష్ట్రమంతా చూస్తోంది.

65 సెకన్ల చుట్టు

1969 వసంతం హైస్కూల్లో ప్రీ చివరి ట్రాక్ సీజను. రెండు మైళ్ల పరుగుకు లక్ష్యం 8 నిమిషాల 40 సెకన్లు. అప్పటి ట్రాక్ ఒక చుట్టు 440 గజాలు. రెండు మైళ్లంటే ఎనిమిది చుట్లు. 8 నిమిషాల 40 సెకన్లంటే 520 సెకన్లు. ఎనిమిదితో భాగిస్తే చుట్టుకు 65. లెక్క ఇంత సులువు. కష్టమంతా ఆ 65ను ఎనిమిదిసార్లు వరుసగా నిలబెట్టడంలో ఉంది. మొదటి చుట్టులో 60 ఎవరైనా పరుగెత్తగలరు. ఏడో చుట్టులో 65 పరుగెత్తేవాడే అసలు పరుగరి.

ఏప్రిల్‌లో కార్వాలిస్ అనే ఊళ్లో జరిగిన పోటీలో ప్రీ 8 నిమిషాల 41.5 సెకన్లలో ముగించాడు. లక్ష్యానికి ఒకటిన్నర సెకను దూరం. అమెరికా హైస్కూలు జాతీయ రికార్డును మాత్రం 6.9 సెకన్లు మెరుగుపరిచాడు. ఆ ఏడాది రాష్ట్ర ట్రాక్ పోటీల్లో మైలు, రెండు మైళ్లు రెండూ గెలిచాడు.

ఆ రికార్డు ఎంతకాలం నిలిచిందో కూడా చెప్పడం న్యాయం. 1973లో క్రెయిగ్ వర్జిన్ అనే మరో హైస్కూలు కుర్రాడు 8 నిమిషాల 40.9 సెకన్లతో దాన్ని దాటేశాడు. రికార్డుల సంగతి ఎప్పుడూ ఇంతే. ప్రీ పేరు నిలిచింది రికార్డు వల్ల కాదు.

నాకు ఇంజనీరుగా అంకెలు కనపడితే తీసివేతలు చేసి చూసే అలవాటు. ప్రీ హైస్కూలు నాలుగేళ్ల మైలు సమయాలు వరుసగా పెట్టి చూడండి. మొదటి ఏడాది 5 నిమిషాల 1 సెకను. రెండో ఏడాది 4 నిమిషాల 29.1. మూడో ఏడాది 4 నిమిషాల 13.8. నాలుగో ఏడాది 4 నిమిషాల 6. తేడాలు తీయండి: 31.9 సెకన్లు, 15.3 సెకన్లు, 7.8 సెకన్లు. ప్రతి ఏడాదీ మెరుగుదల అంతకు ముందటిదానిలో దాదాపు సగం. వేడి టీ గ్లాసు చల్లారేటప్పుడు ఇదే తీరులో చల్లారుతుంది: మొదట గబగబా, తర్వాత నిదానంగా.

ఈ లెక్కలో ఒక విషయం దాగి ఉంది. హైస్కూలు ప్రీకి ఇచ్చిన మొత్తం 55 సెకన్లలో 32 సెకన్లు వచ్చింది అతను ఎవరికీ తెలియని రోజుల్లో. రాష్ట్రపోటీలో 53వ వాడుగా వచ్చిన పతనం నుంచి మరుసటి వసంతం దాకా. పేపర్లలో పేరు, నలభై దాకా కాలేజీల నుంచి ఆహ్వానాలు, ఊరి జనం చప్పట్లు అన్నీ వచ్చింది చివరి 8 సెకన్లకు. ఆ 8 సెకన్లు చిన్నవని నేననను. అవే అన్నిటికంటే కష్టమైనవి. కానీ ముందు 32 లేకపోతే అవి లేవు. ఆ 32 సెకన్ల కాలంలో అతని పక్కన ఉన్నది ఒక్క మాస్టారు, ఒక జట్టు, ఒక ఏడోవాడి స్థానం.

యూజీన్

నలభై కాలేజీలు వెంటపడుతున్నా, ప్రీ ఎదురుచూసింది బవర్‌మన్ పిలుపు కోసం. బవర్‌మన్ పిల్లల వెంటపడి బతిమాలే రకం కాదు. చివరికి ఒక ఉత్తరం వచ్చింది. ఒరెగాన్‌కు వస్తే ప్రపంచంలోనే గొప్ప దూరపు పరుగువీరుడు కాగలడన్న నమ్మకం అందులో ఉంది. అది చాలింది. ప్రీ యూజీన్ ఊళ్లోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

1969లో మొదటి ఏడాదే జాతీయ కాలేజీ క్రాస్‌కంట్రీలో మూడో స్థానం. ఆ తర్వాత 1970, 1971, 1973 సంవత్సరాల్లో మూడుసార్లు జాతీయ విజేత. ట్రాక్ మీద మూడు మైళ్ల విభాగంలో 1970 నుంచి 1973 దాకా వరుసగా నాలుగేళ్లు కాలేజీ చాంపియన్. పందొమ్మిదేళ్లకే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రం మీద అతని బొమ్మ వచ్చింది. యూజీన్‌లోని హేవర్డ్ ఫీల్డ్‌కు అతని పరుగు చూడటానికే వేలమంది వచ్చేవారు. అక్కడ మైలు కంటే పెద్ద దూరంలో అతన్ని ఎవరూ ఓడించలేదు.

జనం అంతగా ఇష్టపడటానికి కారణం అతను పరుగెత్తే పద్ధతి. దూరపు పరుగులో తెలివైనవాళ్లు ఒకరి వెనక దాక్కుని, గాలి తగలకుండా బలం కాపాడుకుని, చివరి చుట్టులో దూసుకొస్తారు. అది తప్పేమీ కాదు. పందేలు అలాగే గెలుస్తారు. ప్రీకి అది నచ్చదు. మొదటినుంచే ముందుండి, వేగం పెంచుతూ, వెనకవాళ్లకు ఊపిరాడనివ్వకుండా చేసి గెలవాలని చూసేవాడు. ఎదుటివాడి ఓపికతో పాటు తన ఓపికనూ అందరి ముందు పరీక్షకు పెట్టేవాడు.

మ్యూనిక్

ఆ పద్ధతి ఒకచోట ఫలించలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, 5000 మీటర్ల తుదిపోటీ. ప్రీకి అప్పుడు 21 ఏళ్లు. అర్హత పోటీల్లో 13 నిమిషాల 22.8 సెకన్లతో అమెరికా రికార్డు నెలకొల్పి వెళ్లాడు. అవి మామూలు ఒలింపిక్స్ కావు. ఇజ్రాయెల్ క్రీడాకారుల మీద ఉగ్రవాదులు దాడిచేసి 11 మందిని చంపిన తర్వాత, ఒకరోజు ఆగి మళ్లీ మొదలైన ఆటలు.

పందెం నిదానంగా మొదలైంది. దాదాపు రెండు మైళ్లు అలాగే సాగింది. చివరి మైలులో ప్రీ ముందుకు దూకి వేగం పెంచాడు. ఒక్కొక్కరే రాలిపోయారు. ముగ్గురు మాత్రం వదల్లేదు. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సే విరెన్, ట్యునీషియాకు చెందిన మొహమ్మద్ గమ్మూది, బ్రిటన్‌కు చెందిన ఇయాన్ స్టువర్ట్. చివరి చుట్టులో ప్రీ మళ్లీ మళ్లీ ముందుకెళ్లాలని చూశాడు. రెండో స్థానంతో సరిపెట్టుకుని పరుగెత్తి ఉంటే వెండి పతకమో కంచు పతకమో వచ్చేదని చాలామంది అంటారు. అతను బంగారం కోసమే పరుగెత్తాడు. విరెన్ గెలిచాడు, గమ్మూది రెండు. గీతకు కొన్ని అడుగుల దూరంలో కాళ్లు తేలిపోయిన ప్రీని స్టువర్ట్ దాటేశాడు. నాలుగో స్థానం. మూడోవాడికీ అతనికీ మధ్య ఒక సెకను కూడా లేదు.

నాలుగోవాడికి పతకం లేదు. ఇంటికి తిరిగొచ్చిన ప్రీ కొన్నాళ్లు కుంగిపోయాడు. తర్వాత మళ్లీ పరుగెత్తాడు. 1973లో మైలును 3 నిమిషాల 54.6 సెకన్లలో పూర్తిచేశాడు. 1975 నాటికి 2000 మీటర్ల నుంచి 10,000 మీటర్ల దాకా ఉన్న దూరాలన్నిటిలోనూ అమెరికా రికార్డులు అతనివే.

పరుగు కాక

ఆ రోజుల్లో ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే ఆటగాడు పరుగుతో ఒక్క డాలరు సంపాదించకూడదు. పోటీలు నిర్వహించేవాళ్లకు టికెట్ల డబ్బు వచ్చేది, పరుగెత్తేవాడికి రాదు. దేశంలోనే మేటి పరుగువీరుడు ఒక ట్రెయిలర్ ఇంట్లో ఉంటూ, పేదలకు ప్రభుత్వమిచ్చే ఆహార కూపన్లతో గడుపుతూ, బార్‌లో గ్లాసులు అందించే పని చేశాడు. ఈ పద్ధతిని ప్రీ బాహాటంగా ఎదిరించాడు. తానే స్వయంగా ఫిన్లాండ్ ఆటగాళ్లను పిలిపించి ఒరెగాన్ ఊళ్లలో పోటీలు ఏర్పాటు చేశాడు. అతను పోయిన మూడేళ్లకు, 1978లో, అమెరికా చట్టసభ ఔత్సాహిక క్రీడల చట్టం తెచ్చి పాత సంఘం గుత్తాధిపత్యం తీసేసింది. ఆ పోరాటంలో అతనిది ఒక్కడి గొంతు కాదుగానీ, అందరికంటే గట్టిగా వినిపించిన గొంతుల్లో ఒకటి.

అంతగా బయటికి తెలియని పనులు ఇంకొన్ని ఉన్నాయి. సేలం ఊళ్లోని రాష్ట్ర కారాగారానికి వెళ్లి ఖైదీలకు పరుగు నేర్పాడు. యూరప్‌లో చూసిన మెత్తని అడవి బాటల్లాంటిది యూజీన్‌లోనూ ఉండాలని పట్టుబట్టాడు. చెట్టు బెరడు పరిచిన ఆ బాట అతను పోయిన తర్వాత తయారైంది. అతని పేరుతోనే ఉంది. బవర్‌మన్, అతని శిష్యుడు ఫిల్ నైట్ కలిసి పెట్టిన నైకీ అనే చిన్న బూట్ల కంపెనీకి పనిచేస్తూ, మంచి పరుగువాళ్లకు బూట్ల జతలు పోస్టులో పంపేవాడు. అలా అందుకున్నవాళ్లలో ఒకడు బిల్ రోడ్జర్స్. 1975 బోస్టన్ మారథాన్ గెలిచాడు.

మళ్లీ కూస్ బేలో

1975 మే 9న ప్రీ తన ఊళ్లో, తన బడి ట్రాక్ మీద పరుగెత్తాడు. తను ఏర్పాటుచేసిన ఫిన్లాండ్ జట్టు పర్యటనలో భాగంగా జరిగిన పోటీ అది. మ్యూనిక్‌లో తనను ఓడించిన విరెన్‌తో తలపడాలని ప్రీ కోరిక, విరెన్ రాలేదు. ఆ రోజు 2000 మీటర్లు పరుగెత్తి కొత్త అమెరికా రికార్డు పెట్టాడు. సమయం 5 నిమిషాల 1.4 సెకన్లు.

ఆ అంకె మీరు ముందే చదివారు. తొమ్మిదో తరగతిలో ఒక మైలుకు పట్టిన సమయం 5 నిమిషాల 1 సెకను. మైలంటే 1609 మీటర్లు. అదే అయిదు నిమిషాల్లో ఇప్పుడు 2000 మీటర్లు, అంటే 391 మీటర్లు ఎక్కువ. దాదాపు ట్రాక్ మీద పూర్తి ఒక చుట్టు. తొమ్మిదో తరగతి స్టీవ్‌నూ ఇరవై నాలుగేళ్ల ప్రీనీ ఒకేసారి బయలుదేరదీస్తే, పెద్దవాడు పందెం ముగించేసరికి చిన్నవాడు ఇంకా ఒక చుట్టు వెనక ఉండేవాడు. పదేళ్ల శ్రమ విలువ ఒక చుట్టు.

అది కూస్ బేలో అతని ఆఖరి పరుగు అయింది. మే 29న యూజీన్‌లో, హేవర్డ్ ఫీల్డ్‌లో, 5000 మీటర్ల పందెంలో మిత్రుడు ఫ్రాంక్ షార్టర్‌ను ఓడించాడు. రాత్రి విందు జరిగింది. షార్టర్‌ను బసలో దింపి తిరిగి వెళ్తుండగా, అర్ధరాత్రి దాటాక, కొండదారి మలుపులో అతని కారు రాతి గోడను గుద్దుకుని తిరగబడింది. దాని కింద ప్రీ చనిపోయాడు. రక్తంలో మద్యం చట్టం అనుమతించిన మోతాదును మించి ఉందని పోలీసు నివేదిక తేల్చింది. ఆ రాత్రి జరిగినదాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. ఏదేమైనా, ఒక తల్లికి కొడుకు పోయాడు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ భాగం దాచకూడదని నా అభిప్రాయం. గుండె, ఊపిరితిత్తులు అంత బలంగా ఉన్నవాణ్ని కూడా స్టీరింగ్ ముందు ఒక్క క్షణం కనికరించలేదు.

అతన్ని కూస్ బేలోనే ఖననం చేశారు. మొత్తం 153 ట్రాక్ పందేల్లో 120 గెలిచాడని లెక్క. ఆ వారమే యూజీన్‌లో బవర్‌మన్ పేరు మీద జరగాల్సిన పోటీలకు, బవర్‌మన్ సమ్మతితోనే, ప్రీఫాంటేన్ పేరు పెట్టారు. నేటికీ ప్రపంచంలో మేటి ఆటగాళ్లు వచ్చే పోటీలవి. అతని జీవితం మీద రెండు హాలీవుడ్ సినిమాలు వచ్చాయి.

వీటన్నిటికంటే నాకు నచ్చిన స్మారకం కూస్ బేలో 1980 నుంచి ఏటా సెప్టెంబరులో జరిగే 10 కిలోమీటర్ల పరుగు. ప్రీ ఒకప్పుడు సాధన చేసిన దారిలోనే సాగి, మార్ష్‌ఫీల్డ్ హైస్కూలు ట్రాక్ మీద ముగుస్తుంది. అందులో గెలిచేవాళ్లు కొద్దిమంది; పరుగెత్తేవాళ్లు వందలమంది.

మన బడికి ఒక మనవి

స్వర్ణోత్సవ నిధి నుంచి ఏటా క్రీడా బహుమతులు ఇవ్వాలని మన సంఘంలో అనుకుంటున్నాం. మొదటి మూడు స్థానాలకు పతకాలు, నగదు ఇద్దామన్నది ఇప్పుడున్న ఆలోచన. అది ఇవ్వాల్సిందే. గెలిచినవాణ్ని గౌరవించడం బడి ధర్మం. అయితే ఆ పద్ధతి ఒక్కటే ఉంటే, 1965లో మార్ష్‌ఫీల్డ్ బడిలో ఉన్న ఆ కుర్రాడికి మన దగ్గర ఏమీ దక్కేది కాదు.

అందుకని నాదొక చిన్న ప్రతిపాదన. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారాల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రతి పిల్లవాడి చేతా, ప్రతి పిల్ల చేతా ఒక కిలోమీటరు పరుగెత్తించి సమయం రాసిపెట్టాలి. ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి. రెండు సమయాల మధ్య తేడా ఎవరికి ఎక్కువో వాళ్లకు మరో బహుమతి. దీనికి కావలసింది ఒక స్టాప్‌వాచీ, ఒక రిజిస్టరు, మన పి.ఈ.టి. మాస్టారికి టైంటేబుల్లో ఎవరూ లాక్కోని పీరియడ్లు. స్టాప్‌వాచీలు, రిజిస్టర్లు నేను తెస్తాను. పీరియడ్ల సంగతి హెడ్మాస్టరుగారు, ఉపాధ్యాయ మిత్రులు చూడాలి. మైదానంలో పడమటివైపు కంప మొలిచిన భాగం బాగుచేయించే పని ఏ బ్యాచ్‌వాళ్లయినా తీసుకుంటే చుట్టూ మట్టి బాట ఒకటి గీయొచ్చు. కొలతలు నేను వేసి ఇస్తాను.

సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యదర్శిగారిని కోరాను. వచ్చేవాళ్లు ఒక్క అంకె గుర్తుపెట్టుకుని రండి: 53.